ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు బడిలో సర్దుబాట్లు ఎలా అడగాలి, ఎలా అమలు చేయించుకోవాలి

‘వాడికి అన్నీ తెలుసు సార్, రాసేదానికి మాత్రం వంగడు’ అనే మాట నెల్లూరు జిల్లా పల్లెల్లోని ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పే నాకు ప్రతి ఏడూ ఎవరో ఒక తల్లి నోట వినబడుతూనే ఉంటుంది. చాలాకాలం ఆ మాటను కన్నతల్లి మమకారం కింద జమకట్టాను. ఒక ఏడాది ఏడో తరగతిలో హోం వర్క్ చేయకుండా వస్తున్న అబ్బాయిని వారం రోజులు నా పీరియడ్‌లో వరండాలో నిలబెట్టాను. శనివారం వాడి రఫ్ పుస్తకం నా చేతికి వచ్చింది. ప్రతి పేజీలోనూ నేను బోర్డు మీద రాసిన వాక్యం సగం దాకా ఉంది, ‘అభ్యాసం 4.2లో 3, 5,’ అని ఆగిపోయి, పక్కన ట్రాక్టరు చక్రం బొమ్మ, మార్జిన్‌లో మూడో లెక్కకు మెట్లేవీ లేకుండా సరైన జవాబు. వాడు మిగిలిన సగం ఎత్తి రాసుకునే లోపే నేను డస్టరు తీసుకుంటున్నానన్న సంగతి అప్పుడు గాని నాకు తట్టలేదు. తర్వాత కొన్ని నెలలకు మానసిక వైద్యులు వాడికి ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం కనబడే ఇబ్బంది, ఉందని నిర్ధారించారు.

పిల్లవాడికి తెలిసినదానికీ, వాడు కాగితం మీద పెట్టగలిగినదానికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే ఏర్పాటునే బడిలో సర్దుబాటు అంటాం. పాఠం మారదు, ప్రశ్న మారదు, మార్కులు ఊరికే వేయమని ఎవరినీ అడగం. తల్లిదండ్రులు ఈ తేడాను ముందు తాము గ్రహించి, తర్వాత టీచరుకు చెప్పగలిగితే సగం అభ్యంతరాలు అక్కడే తొలగిపోతాయి. కింది పనులను ఇదే వరుసలో చేయండి. ముఖ్యంగా మొదటి పని పూర్తి కాకుండా హెడ్మాస్టరు గదికి వెళ్లకండి.

మొదటి పని: రెండు వారాల పుస్తకం

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని, 2 వారాల పాటు రోజుకు మూడు నాలుగు వాక్యాలు రాయండి. ‘అల్లరి ఎక్కువ’, ‘ఏకాగ్రత లేదు’ వంటి తీర్పులు అందులో ఉండకూడదు. ‘సాయంత్రం 6 గంటలకు పుస్తకం తీశాడు, 6:10కి నీళ్లకు లేచాడు, 6:25కి వీధిలో ఉన్నాడు, నేను పక్కన కూర్చున్నాక 15 నిమిషాల్లో నాలుగు లెక్కలు చేశాడు’ అనే తరహాలో, చూసినది చూసినట్టు రాయండి. పోయిన వస్తువులు, సగంలో ఆగిన పనులు, మాట పూర్తికాకముందే అందుకున్న జవాబులు, ఏ పనిలో కదలకుండా గంట కూర్చున్నాడన్న సంగతి కూడా అందులోకి రావాలి. ఇష్టమైన ఆటలో గంట కూర్చున్నంత మాత్రాన ఏడీహెచ్‌డీ లేదని అనుకోవద్దు; ఇష్టమున్న చోట నిలిచే శ్రద్ధను అవసరమైన చోటికి మళ్లించుకోలేకపోవడమే ఈ పిల్లల ఇబ్బంది.

ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్తగా చూడాలి. బెంచీ మీంచి లేవని, ఎవరితోనూ గొడవ పడని, మూడో వరుసలో కూర్చుని కిటికీలోకి చూసే అమ్మాయిని ‘నెమ్మదస్తురాలు’ అని మెచ్చుకుని వదిలేస్తాం. శ్రద్ధ నిలవకపోవడం ప్రధానంగా ఉండి, అతి చురుకుదనం పెద్దగా కనబడని రకం కూడా ఏడీహెచ్‌డీలో ఉంది. అల్లరి లేని కారణంగా ఈ పిల్లలను ఎవరూ డాక్టరు దగ్గరకు తీసుకుపోరు.

రెండో పని: నిర్ధారణ

ముందుగా కంటిచూపు, వినికిడి, నిద్ర, రక్తహీనత, థైరాయిడ్ సంగతి చూపించండి. బోర్డు కనబడని పిల్లవాడు, రాత్రి ఫోను చూసి పదకొండింటికి పడుకునే పిల్లవాడు కూడా తరగతిలో అలాగే కనబడతారు. వీటిలో తేడా ఏదీ లేకపోతే మానసిక వైద్యులను గాని, పిల్లల వికాసం మీద పనిచేసే వైద్యులను గాని కలవాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది కాబట్టి, బడికి వచ్చే ఆరోగ్య బృందం ద్వారా పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే చూసే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి పంపించమని అడగవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేకపోతే 14416 నంబరుకు ఫోను చేయండి. టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 నుంచి ఉచితంగా నడుస్తోంది, తెలుగులో మాట్లాడవచ్చు.

రక్తపరీక్షతోనో స్కానింగుతోనో ఏడీహెచ్‌డీ తేలదు. లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉన్నాయా, 12 ఏళ్ల లోపే మొదలయ్యాయా, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా కనబడుతున్నాయా అని వైద్యులు అడిగి తెలుసుకుంటారు. మీ రెండు వారాల పుస్తకం, క్లాస్ టీచరు రాసిచ్చిన నాలుగు మాటలు అక్కడ పనికొస్తాయి. చదవడం, రాయడం, లెక్కల్లో అభ్యసన వైకల్యం కూడా ఉందేమో చూడమని ఆ రోజే అడగండి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి అది తోడుగా ఉంటుంది. పదో తరగతి నాటికి ఆ కాగితం ఎంత అవసరమో తర్వాత చెబుతాను.

మూడో పని: ఉత్తరం

బడిలో మాట్లాడటానికి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజును ఎంచుకోకండి. ఆ రోజు వచ్చిన అతిథుల ముందు, భోజనాల హడావుడిలో, నలభై మంది తల్లిదండ్రుల మధ్య టీచరు మీకు ఇవ్వగలిగింది ‘చూద్దాం లేమ్మా’ అనే మాట ఒక్కటే. మామూలు పనిరోజున, క్లాస్ టీచరుకు ఖాళీ ఉన్న పీరియడ్ కనుక్కుని, 20 నిమిషాలు అడిగి వెళ్లండి. ముందు క్లాస్ టీచరుతో మాట్లాడి, ఆ తర్వాతే హెడ్మాస్టరుకు ఉత్తరం ఇవ్వడం మర్యాద, పని జరిగే దారి కూడా. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. నేను తల్లిదండ్రులకు రాసిచ్చే నమూనా ఇలా ఉంటుంది:

‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, మా అబ్బాయి మీ పాఠశాలలో 7వ తరగతి బి సెక్షన్‌లో చదువుతున్నాడు. వాడికి ఏడీహెచ్‌డీ ఉన్నట్టు వైద్యులు నిర్ధారించారు. ఆ కాగితం నకలు జతపరిచాను. బోర్డు మీది హోం వర్క్‌ను పూర్తిగా ఎత్తి రాసుకోలేకపోవడం, పరీక్షల్లో చివరి ప్రశ్నల దాకా చేరలేకపోవడం వాడి ముఖ్యమైన ఇబ్బందులు. దయచేసి రాబోయే 3 వారాలు రెండు ఏర్పాట్లు చేయించగలరు. హోం వర్క్‌ను బోర్డుకు ఒక మూలన రాసి చివరి బెల్లు దాకా చెరపకుండా ఉంచడం ఒకటి. స్లిప్ టెస్టు ప్రశ్నలను రెండు విడతలుగా ఇవ్వడం రెండోది. ఇంట్లో రోజూ డైరీ చూసి సంతకం పెట్టే బాధ్యత నాది. మూడో వారం శనివారం వచ్చి, ఇవి ఎంతవరకు పనికొచ్చాయో మీతో మాట్లాడతాను.’

ఇందులో అడిగినవి రెండే అన్న సంగతి గమనించండి. ఇంటర్నెట్‌లో దొరికిన ఇరవై అంశాల జాబితాను అచ్చు వేయించి ఇచ్చిన ఒక తండ్రిని నేను ఎరుగుదును. అరవై మంది పిల్లలున్న తరగతిలో ఆ జాబితా బీరువా మీదికి చేరింది. రెండు అడిగితే రెండూ జరిగే అవకాశం ఉంది. జరిగాక మరో రెండు అడగవచ్చు. ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ దగ్గర ఉండే ప్రతి మీద తేదీతో సంతకం పెట్టించుకోండి.

నాలుగో పని: ఏవి అడగాలో ఎంచుకోవడం

ఇక్కడ మీ పిల్లవాడి ఇబ్బంది ఎక్కడుందో దాన్నిబట్టి ఎంచుకోవాలి.

కూర్చునే చోటు. అందరూ ఇచ్చే సలహా ‘ముందు బెంచీలో కూర్చోబెట్టండి’ అని. మా బడుల్లో ముందు బెంచీ చాలాచోట్ల తలుపు పక్కనే ఉంటుంది. పదకొండున్నర నుంచి మధ్యాహ్న భోజనం గిన్నెలు, గుడ్ల ట్రేలు ఆ తలుపు ముందు నుంచే వెళతాయి. రోడ్డు వైపు కిటికీ ఉంటే ప్రతి ఆర్టీసీ బస్సూ పాఠంలోకి వస్తుంది. గోడవారగా రెండో బెంచీ, పక్కన నిదానంగా పనిచేసుకునే తోటి విద్యార్థి, టీచరు నడుస్తూ పుస్తకం మీద వేలు పెట్టి చూపించగలిగే దూరం ఉంటే అదే మంచి చోటు. ఒంటరిగా మూలన బల్ల వేసి కూర్చోబెట్టడం పిల్లవాడికి శిక్షలాగే తోస్తుంది.

చెప్పే మాట. ‘పుస్తకాలు మూయండి, నోట్సులు తీయండి, తేదీ వేయండి, 46వ పేజీలో రెండో లెక్క చేయండి’ అని ఒక్క ఊపిరిలో చెబితే, విన్నదాన్ని చేతితో చేసేదాకా మనసులో పట్టి ఉంచుకోవడం ఈ పిల్లలకు కష్టం. నాలుగో మాట వచ్చేసరికి రెండోది జారిపోతుంది. ఒక్కొక్క మాటే చెప్పడం, పేజీ నంబరు బోర్డు మీద రాయడం, ఆ అబ్బాయి చేత మెల్లగా తిరిగి చెప్పించడం వల్ల టీచరుకు పోయేది అరనిమిషం. చివరి బెల్లుకు 2 నిమిషాల ముందు తరగతి అంతా పక్కవాళ్ల డైరీలతో తమ డైరీ సరిచూసుకునే అలవాటు చేస్తే, ఒక్కణ్ణి వేలెత్తి చూపినట్టూ ఉండదు.

పని పరిమాణం. పది లెక్కలు ఇస్తే మూడో దాని దగ్గర ఆగిపోయే పిల్లవాడికి, ఒకే పద్ధతి లెక్కలైతే 1, 3, 5, 7, 9 మాత్రమే చేయమని చెప్పవచ్చు. పద్ధతి వచ్చిందో లేదో అయిదు లెక్కల్లో తెలిసిపోతుంది. పేజీ నిండా ఉన్న లెక్కలను చూసే బెదిరిపోయే పిల్లలకు నేను వాడే పనిముట్టు పాత శుభలేఖ. మందంగా ఉండే శుభలేఖ అట్ట తీసుకుని, మధ్యలో ఒక లెక్క పట్టేంత, అంటే దాదాపు రెండు వేళ్ల వెడల్పు, అరచేతి పొడవు ఉండేలా బ్లేడుతో కిటికీ కోయండి. అట్టను పేజీ మీద పెడితే ఒక్క లెక్కే కనబడుతుంది, మిగతావన్నీ పసుపు పూసిన అట్ట కింద దాగి ఉంటాయి. లెక్క పూర్తయ్యాక పిల్లవాడే అట్టను కిందికి జరుపుకుంటాడు. అలా జరపడంలో వాడి చేతికీ ఒక పని దొరుకుతుంది. ఖర్చు లేనిది కాబట్టి తరగతిలో అడిగిన వాళ్లందరికీ ఒకటి కోసివ్వండి. నా తరగతిలో అడగనివాళ్లే తక్కువ.

నోట్సు. బోర్డు మీదిదంతా ఎత్తి రాయడంలోనే పీరియడ్ అయిపోయే పిల్లలకు, తోటి విద్యార్థి నోట్సు జిరాక్సు తీయించి ఇచ్చి, ముఖ్యమైన వాక్యాల కింద గీత గీయడమే వాళ్ల రాత పనిగా లెక్కించమని అడగండి. నోట్సు పూర్తి చేసినందుకు వేసే మార్కులు ఈ పిల్లలకు ఎప్పుడూ అందవు, పాఠం వచ్చినా సరే.

కదలిక. నోటు పుస్తకాలు పంచడం, సుద్దముక్కలు తేవడం, ఆఫీసు గదికి హాజరు పట్టీ తీసుకెళ్లడం వంటి పనులు వాళ్లకు ఇవ్వమని టీచరును అడగండి. ఆటల పీరియడ్ ఆపి హోం వర్క్ చేయించడం మాత్రం దయచేసి మానమనండి. మధ్యాహ్నం తర్వాతి పీరియడ్లలో, అందులోనూ జూన్ ఎండల్లో, పెద్దవాళ్లమే కూర్చోలేకపోతాం. ఉన్న ఒక్క ఆటవిడుపు తీసేస్తే ఆ తర్వాతి గంట అంతా టీచరే అవస్థ పడాలి. రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే ప్రైవేటు బడుల్లో, హాస్టళ్లలో ప్రతి 30 నిమిషాలకు 5 నిమిషాల విరామం రాతపూర్వకంగా అడగండి. అక్కడ క్లాస్ టీచరుకు చెప్పినది వార్డెనుకు చేరదు కాబట్టి ఆయనకు విడిగా చెప్పాలి.

పరీక్ష. అదనపు సమయం అడగడం అందరికీ తెలిసిన సంగతే, కానీ అది ఒక్కటే ఇస్తే చాలామంది పిల్లలు ఆ సమయాన్ని పెన్ను మూత తిప్పుతూ గడిపేస్తారు. అదనపు సమయంతో పాటు ప్రశ్నపత్రాన్ని రెండు భాగాలుగా ఇచ్చి, మధ్యలో లేచి నీళ్లు తాగనిస్తే ఫలితం కనబడుతుంది. జనం తిరగని గది, లైబ్రరీ అయినా సరే, అడగండి. ప్రశ్నపత్రం అందగానే ‘ఏవేని నాలుగింటికి’, ‘రెండు తేడాలు’, ‘కారణాలు రాయుము’ వంటి మాటల కింద గీత గీసే అలవాటు ఇంట్లోనే నేర్పండి. ఎనిమిదింటిలో నాలుగు రాయమంటే ఎనిమిదీ మొదలుపెట్టి, ఏదీ పూర్తి చేయని జవాబు పత్రాలను నేను ఏటా దిద్దుతున్నాను.

అయిదో పని: రోజు చీటీ

ఏర్పాట్లు మొదలైన రోజు నుంచి, అరచేతి అంత చీటీ మీద మూడు వాక్యాలు రాసి పంపండి. ‘పీరియడ్ మొదలైన 5 నిమిషాల్లో పుస్తకం తెరిచాడు’, ‘చెయ్యెత్తి మాట్లాడాడు’, ‘హోం వర్క్ పూర్తిగా డైరీలోకి ఎక్కించాడు’. ఒక్కొక్క పీరియడ్‌కు టీచరు టిక్కు పెడితే చాలు. మొదటి వారం లక్ష్యాలు వాడు తేలికగా అందుకునేలా ఉండాలి. మొదటి నాలుగు రోజులూ ఓడిపోయిన పిల్లవాడు అయిదో రోజు చీటీ దారిలోనే పారేస్తాడు. బహుమతి ఆ సాయంత్రమే దక్కాలి, నెలాఖరుకు కాదు. రొయ్యల గుంటల మీద పనిచేసే ఒక తండ్రి, టిక్కులు సరిపడా వచ్చిన రోజు కొడుకును బండి మీద ఎక్కించుకుని సాయంత్రం మేత వేయడానికి తీసుకెళ్లేవాడు. ఆ అబ్బాయి ఫోను అడగడమే మరిచిపోయాడు.

మూడో వారం శనివారం చెప్పిన మాట ప్రకారం వెళ్లండి. పనిచేసిన దాన్ని ఉంచమని, పనిచేయనిదాన్ని తీసేయమని మీరే చెప్పండి. తీసేయమని మీ నోట వచ్చిన మరుక్షణం టీచరు ముఖంలో మార్పు మీకే తెలుస్తుంది. ఆ మాటల్లో పిల్లవాణ్ణి కూడా కూర్చోబెట్టండి. ఏడో తరగతి దాటిన పిల్లలు తమకు ఏది సిగ్గు కలిగిస్తుందో ఉన్నదున్నట్టు చెప్పగలరు.

వైద్యులు మందు రాసి ఉంటే, ఏ వేళకు వేస్తున్నారో క్లాస్ టీచరుకు చెప్పండి. కొందరిలో ఆకలి తగ్గుతుంది కాబట్టి మధ్యాహ్నం పళ్లెం ముట్టకపోతే కబురు చేయమనండి. ఏడీహెచ్‌డీకి రాసే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉంది, ప్రతి మందుల షాపులోనూ దొరకదు. అయిపోవడానికి వారం ముందే చూసుకోండి. మోతాదు సంగతి డాక్టరుకు వదిలేయండి.

ఆరో పని: పదో తరగతి కాగితాలు

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 పేర్కొన్న 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం ఉంది, ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం విడిగా లేదు. తరగతి గదిలో సర్దుబాట్లకు ఇది అడ్డు రాదు గాని, బోర్డు పరీక్షల్లో ఒక్క ఏడీహెచ్‌డీ కాగితం మీద రాయితీ దొరకకపోవచ్చు. అందుకే అభ్యసన వైకల్యం ఉందేమో ముందే చూపించమని చెప్పాను. అది తేలితే సదరం (వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ప్రభుత్వ శిబిరం) స్లాటు, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు పని ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో ఉండే సహిత విద్య టీచర్లకు ఈ కాగితాల దారి బాగా తెలుసు. పదో తరగతిలో పరీక్ష ఫీజు కట్టి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు) పంపే సమయానికి సర్టిఫికెట్టు హెచ్‌ఎం చేతిలో ఉండాలి. హాల్ టికెట్లు వచ్చాక పరుగెత్తితే ఎవరూ ఏమీ చేయలేరు. సీబీఎస్‌ఈలో అర్హులైన పిల్లలకు 3 గంటల పరీక్షకు మరో 60 నిమిషాలు ఇస్తారు. లేఖరిని అడిగే ముందు మాత్రం ఆలోచించండి. జవాబును మనసులో కూర్చి, మరొకరు రాసే వేగానికి తగ్గట్టు చెప్పడానికి చాలా నిలకడ కావాలి. చేతిరాతే అసలు అడ్డంకి కాకపోతే అదనపు సమయమే మేలు.

బడి ఒప్పుకోకపోతే

గొడవతో మొదలుపెట్టకండి. పైన చెప్పిన చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడులు కూడా విద్యార్థి అవసరానికి తగిన సర్దుబాటు కల్పించాలి. 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో సర్దుబాటును నిరాకరించడం తగదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో, వికాస్ కుమార్ కేసులో చెప్పింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ నిషేధించింది. వరండాలో నిలబెట్టిన నాకూ ఆ సెక్షన్ వర్తిస్తుంది. ఈ మాటలను రెండో ఉత్తరంలో మర్యాదగా ప్రస్తావించి, 15 రోజులు చూసి, మండల విద్యాశాఖాధికారికి, ఆ తర్వాత జిల్లా విద్యాశాఖాధికారికి రాయండి. అప్పటికీ కదలిక లేకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్స్ ఉండనే ఉంది. నెల్లూరులో అది తిక్కన ప్రాంగణంలో జరుగుతుంది. మొదటి ఉత్తరం మీద పెట్టించుకున్న తేదీ, సంతకం అక్కడ అక్కరకొస్తాయి.

ఏడాది చివర చేయవలసినది

ఏప్రిల్‌లో బడి మూసే ముందు, క్లాస్ టీచరు చేత ఒక పేజీ రాయించుకోండి: ఏ బెంచీలో బాగా కూర్చున్నాడు, ఏ సర్దుబాటు నిలిచింది, ఏది వదిలేశారు, కోపం వచ్చినప్పుడు ఏ మాటకు చల్లబడతాడు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే, కొత్త క్లాస్ టీచరుకు పిల్లల పేర్లు కూడా అలవాటు కాకముందే, ఆ పేజీని శుభలేఖ అట్టతో సహా తీసుకెళ్లి ఇవ్వండి. బదిలీలు జూన్‌లో ఎక్కువగా జరుగుతాయి కాబట్టి ఇంకో రెండు జిరాక్సులు మీ దగ్గర ఉంచుకోండి.